ప్రాథమిక తరగతుల పిల్లలకు వ్యాసాలు, కథలు రాయడం నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి వరకు తెలుగు చెప్పే ఉపాధ్యాయులు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనూ, ఆ వయసు పిల్లలున్న తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ప్రాథమిక పాఠశాలలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పిన అనుభవంతో జవాబులు రాశాను. కొన్నింటికి ఒక్క పేరా సరిపోయింది. కొన్నింటికి మాత్రం తరగతి గదిలో జరిగింది జరిగినట్టు చెబితే తప్ప విషయం బోధపడదు కనుక జవాబులు పొడవయ్యాయి.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పూర్తిగా రాకముందే పిల్లలతో సొంతంగా రాయించవచ్చా?

రాయించవచ్చు, రాయించాలి కూడా. వర్ణమాల, గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాలు అన్నీ పట్టుబడేసరికి చాలామంది పిల్లలు మూడో తరగతికి వచ్చేస్తారు. అంతవరకు చూచిరాత, ఉక్తలేఖనం మాత్రమే చేయిస్తే, రాయడమంటే ఎదురుగా ఉన్నదాన్ని దించుకోవడమేనన్న అలవాటు స్థిరపడిపోతుంది. అలా అలవాటుపడిన పిల్లవాడిని మూడో తరగతిలో ఒక్కసారిగా సొంతంగా రాయమంటే నల్లబల్ల వైపే చూస్తాడు.

ఒకటో తరగతిలో బొమ్మతో మొదలుపెట్టండి. పిల్లవాడు పలక మీదో కాగితం మీదో తనకు నచ్చింది గీస్తాడు. ఏం గీశావని అడిగితే ‘మా మేక ఈనింది, రెండు పిల్లలు’ అంటాడు. ఆ మాటను అన్నది అన్నట్టే బొమ్మ కింద మీరు రాసి, వేలు పెట్టి చదివించండి. తన నోటి మాట అక్షరాలై కాగితం మీద నిలబడిందని తెలిసిన క్షణాన పిల్లల ముఖం చూడాలి. రెండో తరగతికి వచ్చేసరికి ఆ వాక్యం వాడే రాస్తాడు. తెలియని అక్షరం దగ్గర ఆగిపోకుండా ఒక గీత గీసి ముందుకు వెళ్ళమని చెప్పి, ఆ ఖాళీని తర్వాత మీరు నింపండి. మూడో తరగతిలో ఐదారు వాక్యాల పేరా, ఐదో తరగతి ముగిసేసరికి మూడు నాలుగు పేరాలు రాయగలిగితే చక్కగా సాగుతున్నట్టే.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో, మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యం పెట్టారు. ఆ అంకె అందరికీ గుర్తుండిపోయింది. రాతను అలా గడియారం పట్టుకుని కొలవలేం కాబట్టి అది వెనకబడిపోతోందని నా బాధ. చదవడం, రాయడం మొదటి రోజు నుంచి జంటగా నడవాలి.

గలగలా మాట్లాడే పిల్లలు రాయమనగానే ‘ఏం రాయాలి టీచర్?’ అని ఎందుకు అడుగుతారు?

చాలాసార్లు లోపం పిల్లల్లో ఉండదు, మనం ఇచ్చిన అంశంలో ఉంటుంది. ‘వర్షం’, ‘చెట్లు’, ‘మా ఊరు’ వంటివి ఎనిమిదేళ్ల పిల్లకు ఎక్కడ పట్టుకోవాలో తెలియనంత పెద్ద అంశాలు. పట్టు దొరకనప్పుడు పిల్లలు ఎక్కడో విన్న వాక్యాలను ఆశ్రయిస్తారు.

మిరప పండించే ప్రాంతంలో పనిచేస్తున్న రోజుల్లో, మార్చి నెలలో ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. మర్నాడు నాలుగో తరగతికి ‘వాన’ అని అంశమిచ్చాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘వాన మనకు చాలా మేలు చేస్తుంది. వాన వల్ల చెరువులు నిండుతాయి. పంటలు పండుతాయి. వాన పడితే రైతులు సంతోషిస్తారు.’ అక్షరదోషం ఒక్కటీ లేదు. కానీ ఆ పిల్ల కళ్ళు ఎర్రగా, నిద్ర లేనట్టు ఉన్నాయి. రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా అని అడిగాను. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయట. ఉరుము వినపడగానే నాన్న పట్టాలు తీసుకుని పరుగెత్తాడట. అమ్మ, తను, తమ్ముడు తలో అంచు పట్టుకుంటే గాలికి పట్టా చేతుల్లోంచి లేచిపోయిందట. తెల్లవారి చూస్తే అడుగున ఉన్న కాయలు నీళ్ళలో నానిపోయాయట. ‘తాలు కాయలకి రేటు రాదని చెప్పి నాన్న అట్లాగే కూర్చున్నాడు టీచర్, అన్నం కూడా తినలేదు’ అంది.

ఇదే రాయమన్నాను. ‘ఇది కూడా రాయొచ్చా?’ అని అడిగింది. ఇంట్లో జరిగేదానికీ బడిలో రాసేదానికీ సంబంధం ఉండదని ఆ పిల్ల నాలుగేళ్లలో మా దగ్గరే నేర్చుకుంది. రాత్రంతా తడిసిన రైతు కూతురి చేత, వాన పడితే రైతులు సంతోషిస్తారని మేమే రాయించాం. ఆ రోజు ఆమె రాసిన రెండో కాగితంలో పద్నాలుగు తప్పులున్నాయి. కానీ అందులోని వాక్యాల్లో ఒక్కటి కూడా ఏ గైడులోనూ దొరకదు.

అందుకని రాతకు ముందు మాట్లాడించండి, అంశాన్ని పిల్లల చేతికి అందేంత చిన్నది చేయండి. ‘మా ఊరు’ బదులు ‘పొద్దున్నే మా ఊరి బస్టాపు దగ్గర ఎవరెవరు కనిపిస్తారు?’ అని అడగవచ్చు. ‘నా స్నేహితుడు’ బదులు ‘నా స్నేహితుడూ నేనూ చివరిసారి ఎందుకు పోట్లాడుకున్నాం?’ అనవచ్చు. ‘సంక్రాంతి’ అని వదిలేయకుండా ‘భోగి మంటలో మేం ఏం వేశాం, ఎవరు తెచ్చారు?’ అంటే అప్పుడు పెన్సిళ్ళు కదులుతాయి.

వ్యాసరచన పాఠాన్ని ఏ క్రమంలో నడపాలి?

ఒక్క పీరియడ్‌లో ముగించాలని చూడకండి. రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు సగం సమయం మాటలకే పోవాలి. పిల్లలు చెబుతుంటే అందులోని ముఖ్యమైన మాటలను నల్లబల్ల మీద రాస్తూ పోండి. వాక్యాలు మాత్రం రాయకండి, రాస్తే అందరూ అవే దించుకుంటారు. కళ్ళం, పట్టా, ఉరుము, తాలుకాయ వంటి మాటలు బల్ల మీద ఉంటే ఆ అక్షరాల కోసం తడుముకునే శ్రమ తప్పి, చెప్పవలసిన సంగతి మీద మనసు నిలుస్తుంది. తర్వాత రఫ్ నోట్సులో రాయనివ్వండి. ఆ సమయంలో కొట్టివేతలు, బాణం గుర్తులు, పక్కన ఇరికించిన మాటలు అన్నీ ఉండవచ్చని ముందే చెప్పండి, ఎందుకంటే శుభ్రంగా కనిపించాలన్న భయంతో చాలామంది పిల్లలు తట్టిన మంచి మాటను కూడా చేర్చకుండా వదిలేస్తారు.

రెండో రోజు ఎవరు రాసింది వారు పక్కనున్న స్నేహితుడికి చదివి వినిపించాలి. విన్నవాడు ఒక్క ప్రశ్న అడగాలి, అంతే. ‘పట్టా ఎగిరిపోయాక ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు జవాబు రెండు వాక్యాలై కాగితంలోకి వస్తుంది. ‘ఇంకా వివరంగా రాయి’ అని ఉపాధ్యాయుడు నోట్సులో రాస్తే పిల్లలకు ఏమీ అర్థం కాదు. తోటివాడు నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. చివర్లో, నచ్చినవాటిని మాత్రమే మంచి కాగితం మీద తిరగరాయించండి.

ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అన్న విభాగాలు ఎప్పుడు నేర్పాలి?

నా అభిప్రాయంలో ప్రాథమిక తరగతుల్లో వాటి తొందర లేదు. ఆ పేర్లు ముందే నేర్పితే పిల్లలు ప్రతి వ్యాసాన్నీ ‘కాబట్టి మనమందరం చెట్లను పెంచాలి’ అని ముగిస్తారు. ఐదో తరగతిలో, ఒక్కో పేరాలో ఒక్కో సంగతి ఉండాలన్న మాట చెబితే చాలు.

పిల్లల రాతలో ‘తర్వాత... తర్వాత...’ అని వాక్యాలు సాగిపోతుంటే ఎలా సరిచేయాలి?

ఇది రెండు, మూడు తరగతుల్లో దాదాపు అందరి రాతలోనూ కనిపిస్తుంది. దీన్ని తప్పుగా చూడనక్కర్లేదు. జరిగినవాటిని వరుసలో పెట్టడం పిల్లవాడికి వచ్చిందని అది చెబుతోంది. ఇక వాక్యాలు కలపడం నేర్పాలి. అందుకు తెలుగులో అసమాపక క్రియలనే (వాక్యాన్ని ముగించకుండా ముందుకు నడిపే చేసి, వచ్చి వంటి రూపాలు) గొప్ప సౌకర్యం ఉంది. ఆ పేరు చెప్పకుండానే పని నేర్పవచ్చు.

మూడో తరగతి అబ్బాయి ఒకడు ఇలా రాశాడు: ‘మా తాత పొద్దున్నే లేస్తాడు. తర్వాత కొట్టంలోకి పోతాడు. తర్వాత పేడ తీస్తాడు. తర్వాత పాలు పిండుతాడు.’ నోటితో చెప్పమన్నాను. ‘మా తాత పొద్దున్నే లేచి, కొట్టంలోకి పోయి, పేడ తీసి పాలు పిండుతాడు’ అన్నాడు. నాలుక మీద ఉన్న వాక్యం చేతికి రాలేదు. నోటితో ఎలా అన్నావో అలాగే రాయమంటే రాశాడు. నేను చేసిన దిద్దుబాటు అంతే.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. లేచి, పోయి, తీసి అన్న రూపాలు మామూలుగా పనులన్నీ ఒకరే చేసినప్పుడు కుదురుతాయి. కర్త మారితే ‘తాత చెయ్యి వేయగానే గేదె చేపింది’ (పాలు దించింది) అనో ‘నేను లేచేసరికి తాత పాలు పిండేశాడు’ అనో అనాలి. పిల్లలు ‘తాత చెయ్యి వేసి గేదె చేపింది’ అని రాస్తే వ్యాకరణం చెప్పకండి, చెయ్యి ఎవరు వేశారని అడగండి, వాళ్ళే నవ్వి మార్చుకుంటారు. అలాగని వాక్యాలన్నీ కలిపేయనివ్వకూడదు. అంతవరకు పొడుగు వాక్యం నడిచి, ‘ఆ రోజు గేదె చేపలేదు.’ అన్న చిన్న వాక్యం వస్తే చదివేవారు అక్కడ ఆగి చూస్తారు. ఏది కలపాలో, ఏది విడిగా నిలబెట్టాలో పైకి చదువుకుంటేనే చెవికి తెలుస్తుంది.

కథ రాయించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పిల్లలకు ముందే తెలిసిన కథలతో మొదలుపెట్టాలి. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చిందంటుంది. గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద చెబుతారు. చివరికి చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంటుంది. ఒక్కో ఇంట్లో మెట్లు కొంచెం మారవచ్చు, కానీ ప్రతి మెట్టూ ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబుగానే వస్తుంది. కథకు కావలసిన అసలు సంగతి అదే. ఒకదాని తర్వాత ఒకటి జరిగితే కథ కాదు, ఒకదాని వల్ల ఇంకొకటి జరిగితే కథ అవుతుందని ఈ కథ ఏడేళ్ల పిల్లలకు ఏ వివరణా లేకుండా చెబుతుంది.

ఆ వరుసలో కొత్త కథ కట్టమని నాలుగో తరగతికి ‘బడిగంట ఎందుకు మోగలేదు?’ అని ఇచ్చాను. తరగతంతా కలిసి కట్టింది: గంటా గంటా, ఎందుకు మోగలేదు? సుత్తి కనపడలేదు. సుత్తీ సుత్తీ, ఎక్కడికి పోయావు? బర్రె గుంజ పాతడానికి తాత తీసుకుపోయాడు. గుంజా గుంజా, ఎందుకు ఊడావు? బర్రె గుంజింది. బర్రె బర్రె, ఎందుకు గుంజావు? కుక్క ఉరికొచ్చింది. కుక్కా కుక్కా, ఎందుకు ఉరికావు? బడిలో కోడిగుడ్లు ఉడుకుతున్న వాసన వచ్చింది. మధ్యాహ్న భోజనంతో కథ మళ్ళీ బడికే వచ్చి చేరిందని గమనించిన పిల్ల లేచి నిలబడి అరిచింది. ఆ ముగింపును నేను చెప్పలేదు, వాళ్ళే కనిపెట్టారు.

ఇది అలవాటయ్యాక, సొంత కథకు ఐదు ప్రశ్నలు చాలు: ఎవరు? వారికి ఏం కావాలి? ఏది అడ్డొచ్చింది? అప్పుడేం చేశారు? చివరికి ఏమైంది? వీటిలో రెండోది ముఖ్యం. కోరిక లేని రాజు, కోరిక లేని కుందేలు కథలో అటూ ఇటూ తిరుగుతారు తప్ప ఏమీ జరగదు. ఇంకో లోపం ఏమిటంటే, పిల్లల కథల్లో సంఘటనలు ఎక్కువ, నిలిచి చూసే చోట్లు తక్కువ. రాక్షసుడు వస్తాడు, యుద్ధం అవుతుంది, చనిపోతాడు, అంతా మూడు వాక్యాల్లో అయిపోతుంది. అటువంటప్పుడు ఒక్క చోటు ఎంచుకుని, ‘రాక్షసుడు తలుపు దగ్గరికి వచ్చినప్పుడు పిల్లవాడు ఎక్కడున్నాడు, ఏం వినపడింది, ఏమన్నాడు?’ అని అడిగి, ఆ ఒక్క చోటినే ఐదు వాక్యాలు చేయించండి. సంభాషణ రాయడం కూడా అక్కడే అలవడుతుంది.

కథ చివర నీతి రాయాలా?

అవసరం లేదు. నీతి రాయాలని షరతు పెడితే పిల్లలు నీతిని ముందు ఎంచుకుని కథను దానికి సరిపడేలా కుదించేస్తారు. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని ముగించుకున్నా ఆనందమే.

ఇంట్లో మాట్లాడే యాసలో రాస్తే దిద్దాలా?

ఇది అందరూ అడిగే ప్రశ్న, నాకు బాగా పట్టింపు ఉన్న ప్రశ్న కూడా. పిల్లవాడు తెచ్చుకున్న మాటను తప్పు అని కొట్టేస్తే, ఆ మాట అనే అమ్మానాన్నలను కొట్టేసినట్టు వాడికి తోస్తుంది. ‘ఏడికి పోతున్నవ్’ అన్నా, ‘యాడికి పోతాండావు’ అన్నా, ‘ఏటి సేస్తన్నావు’ అన్నా అది తెలుగే. రాసే తొలి రోజుల్లో, అంటే మూడో తరగతి వరకు, పిల్లలు ఇంటి మాటలోనే రాయనివ్వండి. నాలుగు, ఐదు తరగతుల్లో పాఠ్యపుస్తకంలోని తెలుగు ఇంకొకటుందని, పరీక్షలోనూ పత్రికల్లోనూ దాన్ని వాడతారని చూపించి, రెండింటి మధ్య దాటడం నేర్పండి. కథల్లో అయితే మరీ సులువు. కథనం పుస్తకపు తెలుగులో, పాత్రల మాటలు వారి వారి యాసలో ఉంటే కథకు ప్రాణం వస్తుంది.

1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడారని మనమందరం పాఠంగా చెబుతాం, ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పడానికి వాచకాలు తయారుచేశారన్న సంగతి ఉపాధ్యాయులు ఇంకా ఎక్కువగా తలచుకోవాలని నాకనిపిస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంట్లో సవర, కోయ, గోండి, కువి, లంబాడీ మాట్లాడే పిల్లలు తెలుగులో రాయలేకపోతున్నారంటే, వారికి చెప్పడానికి ఏమీ లేదని అర్థం కాదు. ముందు వారి భాషలో తోటి పిల్లలతో చెప్పుకోనిచ్చి, ఆ తర్వాత రెండు భాషలూ వచ్చిన పెద్ద తరగతి పిల్లల సాయంతో తెలుగులోకి తెచ్చుకోనివ్వండి.

అక్షరదోషాలను ఎలా దిద్దాలి?

అన్నీ ఒకేసారి దిద్దకండి. కాగితం నిండా ఎర్ర సిరా చూసిన పిల్లవాడు ఆ తర్వాత తనకు ఖాయంగా వచ్చిన మాటలే రాస్తాడు. ‘అబ్బురపడ్డాడు’ అని రాయాలనుకుని ఒత్తు అనుమానంతో ‘చూశాడు’ అని సరిపెట్టుకుంటాడు. మన ఎర్ర సిరా వల్ల ఒక మంచి మాట పోయిందని మనకు తెలియను కూడా తెలియదు.

అర్థం మారిపోయే తప్పులతో మొదలుపెట్టండి. ఒక పాప ‘అమ్మ నాకు పలు ఇచ్చింది’ అని రాసింది. నేను కొట్టివేయలేదు. ‘పాలు ఇచ్చిందా, పళ్ళు ఇచ్చిందా?’ అని అడిగాను. పాప తను రాసింది పైకి చదువుకుని, ‘పాలు’ అంటూ దీర్ఘం పెట్టింది. ‘దగర’, ‘ఇలు’, ‘అక’ వంటివి కూడా చదివిస్తే నోరే ఒత్తును అడుగుతుంది. ఇవి చెవికి దొరికే తప్పులు. శ, ష, స తేడా, న, ణ తేడా, ద, ధ తేడా చాలామంది ఉచ్చారణలో వినపడవు కాబట్టి చెవి సాయం చేయదు. వాటిని కంటితోనే, మళ్ళీ మళ్ళీ చదవడం వల్లనే నేర్చుకోవాలి. పెద్దలు కూడా ‘విద్యార్థి’ అన్న మాటను ‘విద్యార్ధి’ అని రాస్తున్నప్పుడు ఎనిమిదేళ్ల పిల్లను దండించడం న్యాయం కాదు.

ఒక్కో కాగితంలో రెండు తప్పులు మాత్రమే ఎంచుకోండి. తరగతి మొత్తంలో ఎక్కువమంది చేసిన తప్పును నోట్ చేసుకుని మర్నాడు అందరికీ ఐదు నిమిషాలు చెప్పండి. ఉక్తలేఖనానికి పాఠంలోని వాక్యాల బదులు పిల్లలే రాసిన వాక్యాలు తీసుకోండి. తమ వాక్యం టీచర్ నోట వినడం కోసమే కొందరు జాగ్రత్తగా రాస్తారు.

పాఠ్యపుస్తకంలో స్వీయరచన, సృజనాత్మకత అభ్యాసాలు ఉన్నాయి కదా, అవి సరిపోవా? మార్కులు ఎలా వేయాలి?

ఆ అభ్యాసాలు మంచివే. జవాబులు నల్లబల్ల మీద రాసి దించుకోమనడం వల్ల, లేదా గైడు చూసి కంఠస్థం చేయించడం వల్ల వాటి ప్రయోజనం పోతోంది. నలభై మంది నోట్సుల్లో ఒకే వ్యాసం ఉంటే అది స్వీయరచన కాదు. ఏడాది పొడవునా తరగతిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఉపాధ్యాయులకు కొంత వెసులుబాటు ఉంటుంది కాబట్టి, పిల్లలు తాము చూసింది, విన్నది, అనుకున్నది రాశారా అన్నదానికే ఎక్కువ మార్కులు కేటాయించండి. పంక్తులు లెక్కపెట్టకండి, చేతిరాతకు విడిగా చూడండి. కాగితం చివర ‘బాగుంది’ అని మాత్రమే రాసే బదులు, ఏ వాక్యం నచ్చిందో దాని కింద గీత గీసి, మీకు నిజంగా కలిగిన ఒక ప్రశ్న రాయండి.

ఈమధ్య కొందరు పిల్లలు ఇంట్లో ఫోన్ సాయంతో వ్యాసాలు తయారుచేసుకుని వస్తున్నారు. రాతపని బడిలోనే, మీ ఎదుట జరిపించడం, అంశం ఆ పిల్లకే తెలిసినదై ఉండేలా చూడడం తప్ప నాకు వేరే మార్గం కనపడలేదు.

మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకూ ఇదంతా సాధ్యమేనా?

కష్టమే, కానీ బహుతరగతి బోధనలో ఒక లాభం కూడా ఉంది. ఐదో తరగతి పిల్లను ఒకటో తరగతి పిల్లాడి పక్కన కూర్చోబెట్టి, వాడు చెప్పింది చెప్పినట్టు రాయమనండి. చిన్నవాడికి తన మాట అక్షరాల్లో కనిపిస్తుంది. పెద్దపిల్లకు చేతి వేగం పెరుగుతుంది, పైగా ‘ఊఁ, తర్వాత?’ అని అడుగుతూ కథ రాబట్టడం వస్తుంది. వారంలో ఒక రోజు, చివరి పీరియడ్ దీనికే కేటాయించుకోండి.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగులో రాయడం ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి, తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లల చేతికి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టుకునే ఆ అవకాశాన్ని రాతలో కూడా వాడుకోండి. ఆలోచనను వరుసలో పెట్టడం, కారణం చెప్పడం, అనవసరమైనది తీసేయడం ఏ భాషలో నేర్చుకున్నా రెండో భాషకు పనికొస్తాయి. తెలుగులో చెప్పుకుని, తెలుగులో చిత్తుప్రతి రాసుకుని, తర్వాత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిన పిల్లలు, నేరుగా ఇంగ్లీషులో మొదలుపెట్టి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన పిల్లల కంటే ఎక్కువ చెప్పగలగడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇంట్లో తల్లిదండ్రులు ఏం చేయాలి? చదువురాని తల్లిదండ్రులు సాయం చేయగలరా?

తప్పకుండా చేయగలరు. పిల్ల చదివి వినిపిస్తే వినడం, మధ్యలో తప్పులు పట్టకుండా ‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడగడం పెద్ద సాయం. దానికి అక్షరాలు రానవసరం లేదు. చిన్ననాటి సంగతులు చెప్పే నానమ్మ, తాతయ్య ఉన్న ఇల్లు పిల్లలకు కథల గని. కొట్టు సామాన్ల చీటీ పిల్లల చేత రాయించండి, పులిహోర ఎలా కలుపుతారో మీరు చెబుతుంటే రాసుకోమనండి. చదువుకున్న తల్లిదండ్రులకు ఒక్క విన్నపం: వ్యాసం మీరు చెప్పి రాయించకండి. మీ వాక్యం చక్కగానే ఉంటుంది, కానీ పిల్లకు తన వాక్యం మీద నమ్మకం పోతుంది.

అమెరికా వంటి దేశాల్లో ఉంటూ, వారాంతాల్లో మనబడి వంటి తరగతులకు వెళ్ళే పిల్లలకు అక్షరాలు వస్తాయి కానీ వాక్యం కుదరదు. వారానికొకసారి అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడాక, ఆమె చెప్పిన సంగతుల్లో ఒకదాన్ని మూడు వాక్యాల్లో రాసి ఆమెకే ఫొటో పంపమని చెప్పండి. చదివి జవాబు చెప్పే మనిషి అవతల ఉన్నప్పుడు పిల్లలు రాస్తారు.

పిల్లలు ఇంటి గొడవలు, బాధలు రాస్తే ఏం చేయాలి?

నిజం రాయమని మనమే అడిగాం కాబట్టి ఆ నిజాన్ని కాపాడే బాధ్యత కూడా మనదే. అటువంటి కాగితాన్ని తరగతిలో చదివించకూడదు, గోడకు అతికించకూడదు, టీచర్ల గదిలో చర్చకు పెట్టకూడదు. రాసిన పిల్లతో విడిగా, మెల్లగా మాట్లాడాలి. పిల్లకు ప్రమాదం ఉందని తోస్తే ప్రధానోపాధ్యాయులకు తెలియజేసి, పిల్లల సహాయవాణి 1098 సాయం తీసుకోవాలి.

రాసిన వాటిని ఏం చేయాలి?

దిద్ది బీరువాలో పెడితే పిల్లలు వచ్చేసారి మీ కోసం మాత్రమే రాస్తారు. గోడపత్రిక పెట్టండి, నెలకొకసారి మార్చండి. ఏడాదికి ఒకసారి, ఆగస్టు 29కో నవంబరు 14కో, అందరి రచనలతో చేతిరాత పుస్తకం కుట్టి, బాలసభలో చదివించండి. ప్రతి పిల్లవాడిదీ కనీసం ఒక్క పేజీ అందులో ఉండాలి. బాగా రాసేవారివే వేస్తే మిగిలినవారు రాయడం మానేస్తారు. ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాది కింది తరగతికి చదవడానికి ఇవ్వండి. పిల్లలు పాఠ్యపుస్తకం కంటే తమ అన్నయ్యలు, అక్కయ్యలు రాసినవి ఎక్కువ ఇష్టంగా చదువుతారు.

ఎంత ప్రయత్నించినా అసలేమీ రాయని పిల్లలుంటే?

ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి, పెన్సిలు పట్టు గమనించండి. అక్షరాలు తిరగబడడం, చదివింది వెంటనే జారిపోవడం ఏళ్ల తరబడి కొనసాగితే ప్రత్యేక ఉపాధ్యాయుల సలహా తీసుకోండి. వీటిలో ఏదీ లేకపోతే, ఆగండి. ఆగడం కూడా బోధనలో భాగమే.

నా దగ్గర మూడో తరగతిలో ఒక అబ్బాయి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ట్రాక్టరు బొమ్మ తప్ప ఇంకేదీ కాగితం మీద పెట్టలేదు. ఏ అంశం ఇచ్చినా ట్రాక్టరే. బాగా గీసేవాడు, చక్రాల పళ్ళతో సహా. ఒకరోజు పక్కన కూర్చుని, నాకు ట్రాక్టరు గురించి ఏమీ తెలియదు, ఏ భాగాన్ని ఏమంటారో రాసిపెట్టమని అడిగాను. బాణాలు గీసి రాశాడు: ‘టాలీ’, ‘కేజివీలు’, ‘రోటవేటరు’, ‘సీటు’. నేను వాటిని దిద్దలేదు. సీటు మీద ఎవరూ లేరేమిటని అడిగాను. కాసేపు చూసి, సీటు మీద ఒక మనిషిని గీశాడు. బొమ్మ కింద, ఎవరూ అడగకుండా, రెండు వాక్యాలు రాశాడు: ‘ఈ టాకటరు మాది కాదు. మా నాన నడుపుతాడు.’ మర్నాడు వచ్చి, నిన్నటి కాగితం ఇమ్మని అడిగి, వెనక వైపు ఆ ట్రాక్టరు చెరువు కట్ట కింద దిగబడిన సంగతి రాయడం మొదలుపెట్టాడు.